పన్నెండూ యాభై రెండు

శుక్రవారం పొద్దున ఫ్రౌక్యె పఠనశాల బల్ల వదిలి మెట్లు దిగి హిస్కె గదికి వచ్చింది. మోకాళ్ళ నొప్పి మనిషి. ఏ చిన్న పనైనా ఫోనులోనే చెబుతుంది. అందుకే ఆమెను గుమ్మంలో చూడగానే హిస్కె చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టింది.

"కట్ట పటం లేదు," అంది ఫ్రౌక్యె తలుపు పట్టుకుని ఆయాసపడుతూ.

"లేకపోవడం ఏమిటి?"

"లేదంటే లేదు. నిన్న దాన్ని చూసిన పెద్దాయన ఇవాళ మళ్ళీ అడిగాడు. వోబ్బె వెళ్ళి పటం ఉంచే మడత అట్ట తెచ్చాడు. విప్పితే లోపల ఏమీ లేదు."

పదిహేడు వందల పద్దెనిమిదిలో గీసిన పటం అది. వరద ఊళ్ళని మింగేశాక సముద్రపు కట్టని మళ్ళీ ఎక్కడ వెయ్యాలో ఎవరో కొలిచి, చేత్తో గీసి, నీలమూ గోధుమరంగూ పూశారు. ఫ్రీస్‌లాండ్ ప్రావిన్సులో ఇస్కూలు పిల్లలు కూడా దాని నకలు చూసే ఉంటారు. అసలుది ఒక్కటే. అది ఈ పత్రభాండాగారంలో, మూడో గదిలో, వెడల్పాటి ఇనుప సొరుగులో ఉండాలి.

ఈ భవనంలో తలుపుల బాధ్యత హిస్కెది. ఏడు తలుపులు, నలభై ఒక్క కార్డులు. ఏ కార్డు ఏ తలుపును ఏ నిమిషంలో తెరిచిందో తలుపు మీది పెట్టె రాసుకుంటుంది. ఆరు తలుపుల రాతలు తీగ మీద నేరుగా ఆమె కంప్యూటర్‌లోకి వస్తాయి. మూడో గదిది మాత్రం ఒంటరి పెట్టె. పూర్వం జైలుగా కట్టిన భవనం కావడంతో ఆ మూల గోడ మీటరు మందం ఉంటుంది. తీగ కోసం దానికి తూటు పొడవడానికి వీల్లేదని పాత కట్టడాల శాఖవాళ్ళు కాగితం రాసిచ్చారు. ఆ చిట్టా కావాలంటే అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం పట్టుకుని హిస్కె స్వయంగా కిందికి దిగాలి.

దిగింది. పెట్టెకి యంత్రం ఆనించి, పచ్చదీపం వెలిగేదాకా నిలబడి, పైకొచ్చి కాగితం మీద అచ్చు తీసింది. గురువారం కింద మూడే గీతలు. పొద్దున వోబ్బె, పటాన్ని బయటికి తీసినప్పుడు. తర్వాత మళ్ళీ వోబ్బె, పన్నెండూ యాభై రెండుకి. ఆఖరున డైరెక్టరు, ఒంటిగంటా ఇరవైకి.

వోబ్బెని పిలిపించింది. అరవై ఐదు దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ గదుల్లోంచి కట్టలు తెచ్చిస్తూ, తిరిగి పెడుతూ ఉన్నాడు. హిస్కెతో పందొమ్మిదేళ్ళ పరిచయం. వచ్చి కుర్చీలో కూర్చోకుండా, రెండు చేతులూ గోధుమరంగు పని కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టరు సీర్డ్ హెట్టెమా అప్పటికే కిటికీ దగ్గరున్నాడు.

"నిన్న మీరు పటాన్ని ఎప్పుడు తిరిగి పెట్టారు?" అడిగింది హిస్కె.

వోబ్బె కనుబొమలు లేచాయి. "నేనెప్పట్నుంచి 'మీరు'నయ్యాను?"

"చెప్పండి."

"భోజనాలయ్యాక. రెండుకి పది నిమిషాలుందనగా. ఫ్రౌక్యె తోపుడుబండిలో పెట్టి తాళం వేసింది, నేను తీసుకెళ్ళి సొరుగులో పెట్టాను. అట్ట విప్పి చూశాను కూడా. పటం ఉంది."

"భోజనం వేళ ఎక్కడున్నారు?"

"గురువారం కదా, సంతలో. బండి దగ్గర వేయించిన చేప తిన్నాను. వెల్లుల్లి సాసుతో. అది కూడా రాసుకుంటావా?"

హిస్కె కాగితాన్ని అతని వైపు తిప్పింది. అతను జేబులోంచి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని వంగాడు. పన్నెండూ యాభై రెండు దగ్గర అతని వేలు ఆగింది.

"ఇది తప్పు," అన్నాడు.

"తలుపు అబద్ధం చెప్పదు, వోబ్బె," అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా. జాలిపడుతున్నట్టే ఉంది గొంతు. "రెండుకి పది అంటున్నావు. ఆ వేళకి చిట్టాలో అసలు ఎవరూ లేరు. పోనీ, నన్నే చూడు. ఒంటిగంటా ఇరవై, అది నేను. ప్రావిన్సు అతిథులు రెండింటికి వస్తారని గది ఒకసారి చూసి వచ్చాను. చిట్టాలో ఉన్నదీ నేను చెప్పేదీ ఒకటే. నీది ఎందుకు కలవట్లేదు?"

వోబ్బె కళ్ళద్దాలు తీశాడు. డైరెక్టరు వంక కాదు, హిస్కె వంక చూశాడు, ఏదో అడగబోతున్నట్టు. ఆమె కాగితం మడిచింది. అతను ఏమీ అడగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ చూపు హిస్కెకి నచ్చలేదు. తప్పు చేసినవాడే ఎదుటివాడికి ఎంత తెలుసోనని అలా కొలుచుకుంటాడనిపించింది.

సోమవారం పొద్దున డైరెక్టరు చెప్పగా ఆమె మూడో గది పెట్టెలో వోబ్బె కార్డును ఆపేసింది. పనిలోంచి తీసెయ్యలేదు. విచారణ తేలేదాకా అంతే, అన్నాడు డైరెక్టరు. గదిలోంచి ఏది కావలసినా వోబ్బె వెళ్ళి ఎవరినో ఒకరిని పిలుచుకు రావాలి. వాళ్ళు తలుపు తీసి, అతను సొరుగు లాగినంతసేపూ వెనక నిలబడాలి.

మొదటిసారి హిస్కే వెళ్ళింది. వోబ్బె ఒక పక్కకి తప్పుకుని, గోడకి వీపు ఆనించి, ఆమె కార్డు పెట్టేదాకా నేల చూస్తూ నిలబడ్డాడు. లోపల చలి. కాగితాల కోసం ఎప్పుడూ ఒకే చలి ఉంచుతారు. అతను పనిచేస్తుంటే ఆమె చేతులు చూసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అంత పట్టి చూడలేదు. సొరుగును రెండు అంగుళాలు లాగి, ఆపి, లోపలి గాలి సర్దుకోనిచ్చి, తర్వాత పూర్తిగా లాగుతాడు. పటాన్ని అంచులు పట్టుకుని ఎత్తడు. కింద అట్ట జొనిపి అట్టతోనే లేపుతాడు. ఇంత నేర్పున్న చేతులకి ఒక పటాన్ని మాయం చెయ్యడం ఎంత పని, అనుకుంది.

ఒకసారి అనుమానం మొదలయ్యాక అన్నీ దానికే మేతయ్యాయి. పది గంటల కాఫీకి అందరూ పొడుగు బల్ల చుట్టూ చేరితే వోబ్బె తన కప్పు తీసుకుని సరుకులు దించే రేవు మీదికి పోయాడు. మొహం చూపించలేక, అనుకుంది. భోజనాల వేళ కాలువ గట్టున ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ కనిపించాడు. ఆమెను చూసి మాట ఆపాడు. ఇంకో ఏడాదిన్నరలో పదవీ విరమణ. వెళ్ళేముందు ఒక్కటి పట్టుకుపోదామనుకున్నాడా? పాత పటాలు కొనే మహానుభావులు ఊరికి ఒకరుంటారు.

మంగళవారం సాయంత్రం ఐదవుతుండగా కిటికీలోంచి చూస్తే, సైకిళ్ళ షెడ్డులో వోబ్బె సైకిలు సంచిలోకి ఏదో పొడుగాటి చుట్ట దోపుతున్నాడు. మీటరు పొడవుంటుంది. పైన దినపత్రిక చుట్టి ఉంది. హిస్కె కోటు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

"అది విప్పండి."

షెడ్డులో ఫ్రౌక్యె కూడా ఉంది, తన సైకిలు తాళం తీసుకుంటూ. వోబ్బె ఒక క్షణం హిస్కెని చూశాడు. ఆ తర్వాత చుట్టని తీసి సైకిలు సీటు మీద పెట్టి, దారం ముడి విప్పాడు. తొందరపడలేదు. ముడి తెంపకుండా గోళ్ళతో సడలించి, దారాన్ని వేలికి చుట్టుకుని జేబులో వేసుకున్నాడు. కాగితం ఒక్కో మడతా తెరిచాడు.

ఎర్రటి రూబార్బ్ కాడలు. ఆకులు కోసేసి, మొదళ్ళకి ఇంకా మట్టి అంటుకుని ఉన్నాయి.

"మా పెరట్లోవి," అంది ఫ్రౌక్యె. ఆమె మొహం జేవురించింది. "నేనే ఇచ్చాను. జామ్ చేసుకోమని. కాడల్ని కూడా లెక్కపెడతావా హిస్కె? ఒక్కోటీ తీసి చూడు, మధ్యలో ఎక్కడైనా పటం ఇరుక్కుందేమో."

"నేను నా పని చేస్తున్నాను."

"చేస్తున్నావులే," అంది ఫ్రౌక్యె. సైకిలెక్కి వెళ్ళిపోయింది.

వోబ్బె కాడల్ని మళ్ళీ అదే మడతల్లో చుట్టాడు. హిస్కె అక్కడే నిలబడి ఉంది. క్షమించమనడానికి నోరు రాలేదు, అనుమానమూ పోలేదు. ఇవాళ కాడలు కాబట్టి గురువారం కూడా కాడలేనని ఎవరు చెప్పొచ్చారు?

బుధవారం ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. మూడో గదిని తనే సొరుగు సొరుగూ వెతకాలి. ఎవరికీ చెప్పకుండా ముందే వద్దామని బయల్దేరింది కానీ ఇసుక పడవ వస్తోందని వంతెన ఎత్తేశారు. సైకిలు పట్టుకుని కాలువ ఒడ్డున పావుగంట నిలబడాల్సి వచ్చింది. మొత్తానికి తొమ్మిదీ పదికి తలుపుకి కార్డు పెట్టింది. మధ్యాహ్నందాకా వెతికింది. కొలతల కాగితాల కట్టల కింద, అట్టల మధ్య, సొరుగుల వెనక పడిపోయిందేమోనని దీపం వేసి మరీ చూసింది. దొరకలేదు. మోకాళ్ళకి దుమ్ము, వేళ్ళకి చలి మిగిలాయి.

బయటికొస్తూ, ఎలాగూ దిగాను కదా అని చిట్టా కూడా తీసుకుంది. ఆపేసిన కార్డుతో వోబ్బె దొంగచాటుగా తలుపు ప్రయత్నించాడేమో చూద్దామనే ఉద్దేశం. తన గదిలో అచ్చు తీసి వేలు పెట్టి కిందికి చదివింది. సోమవారం నుంచీ వోబ్బె కార్డు ఒక్కసారీ తగల్లేదు. ఆఖరి గీత తనది. బుధవారం, ఎనిమిదీ పది.

ఎనిమిదీ పది?

మళ్ళీ చదివింది. ఎనిమిదీ పదికి ఆమె ఇంట్లో రొట్టె మీద చీజ్ కోసుకుంటోంది. వంతెన దగ్గర చేతి గడియారం చూసుకోవడం గుర్తుంది. తొమ్మిదికి ఐదు నిమిషాలుంది అప్పుడు. వీధి తలుపు చిట్టా తెరిచింది. అందులో ఆమె భవనంలోకి రావడమే తొమ్మిదీ మూడుకి. భవనంలోకి రాకముందే మూడో గదిలోకి ఎలా వెళ్ళింది? ఈ కాగితం ఎవరి చేతికైనా ఇస్తే తను కూడా అబద్ధాలకోరే.

ఒక గంట. సరిగ్గా ఒక గంట వెనక ఉంది ఆ పెట్టె.

మార్చి ఆఖరులో, ఏటా లాగే, వేసవి కోసం దేశమంతా గడియారాలు గంట ముందుకి జరిపారు. ఆరు పెట్టెలు తీగ మీద వాటంతటవే సర్దుకున్నాయి. ఏడోదాన్ని చేత్తో మార్చాలి. ఆ సోమవారం బీమా మనిషి పైన కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు, సంతకమైన కాగితం కోసం. ఏడు తలుపుల గడియారాలూ సరిచూడబడినవి, అని ఉన్న చోట హిస్కె ఒక్క గీతతో ఏడింటికీ టిక్కు పెట్టి సంతకం చేసింది. కిందికి దిగలేదు. మర్నాడు దిగుదామనుకుంది.

ఆమె గురువారం కాగితం తీసి, పెన్సిలుతో ఒక్కో గీత పక్కనా గంట కలిపి రాసింది. పన్నెండూ యాభై రెండు, ఒంటిగంటా యాభై రెండయింది. రెండుకి పది నిమిషాలుందనగా, అన్నాడు వోబ్బె.

కింది గీతకి వచ్చేసరికి పెన్సిలు ఆగింది. ఒంటిగంటా ఇరవై, రెండూ ఇరవై అయింది. రెండూ ఇరవైకి అతిథులు భవనంలో ఉన్నారు. వాళ్ళకి కాఫీ పంపింది తనే. మరి వాళ్ళు రాకముందే గది చూసొచ్చానని డైరెక్టరు ఎలా అన్నాడు?

చిట్టా తప్పు చెప్పింది. నిజం చెప్పినవాడి మాట దానితో కలవలేదు. కలిసింది డైరెక్టరు మాట ఒక్కటే.

సీర్డ్ హెట్టెమా గది పై అంతస్తులో, కాలువ వైపు ఉంటుంది. ఆమె రెండు కాగితాలూ బల్ల మీద పరిచి, పక్కపక్కన పెట్టింది. ఆయన ముందు నవ్వుమొహంతోనే చదివాడు. పెన్సిలు అంకెల దగ్గరికి వచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

"అతిథులు రాకముందు వెళ్ళానన్నారు మీరు."

ఆయన లేచి, గోడవారనున్న వెడల్పు బీరువా తెరిచాడు. కింది సొరుగులో రెండు తెల్ల కాగితాల మధ్య పటం ఉంది. నీలం రంగు సముద్రం, గోధుమరంగు కట్ట.

"కిటికీ వెలుతురులో చూపిద్దామని తెచ్చాను," అన్నాడు. "వాళ్ళ రైలుకి వేళైపోయింది, దింపడానికి వెళ్ళాను, మర్చిపోయాను. ఒట్టు, హిస్కె, గురువారం నిజంగానే మర్చిపోయాను."

"శుక్రవారం?"

ఆయన సొరుగు మెల్లగా లోపలికి నెట్టాడు. "శుక్రవారం నువ్వా కాగితం పట్టుకొచ్చావు. అట్ట లేకుండా పటాన్ని చేత్తో పట్టుకుని మెట్లెక్కింది డైరెక్టరే అని ఎలా చెప్పను? ఆ నిబంధన రాసిందే నేను. మెల్లగా పెట్టేద్దామనుకున్నాను. కానీ తలుపు నా పేరు రాసుకుంటుంది కదా."

"వోబ్బె పేరు రాసుకుంది."

"దొరికింది కాబట్టి అతనికేం నష్టం లేదు. సొరుగు మారిందని చెబుదాం. కార్డు మళ్ళీ తెరిచెయ్యి. చేప తినడానికి నేనే డబ్బులిస్తాను, ఇద్దరం నవ్వుకుంటాం." ఆయన గొంతు తగ్గించాడు. "గడియారం సంగతి ఎత్తావంటే నీ సంతకం కూడా బయటికొస్తుంది. బీమావాళ్ళు వదలరు. నీ మేలు కోరే చెబుతున్నాను."

నిజమే చెబుతున్నాడు. ఒక్క మాట అనకుండా ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకోవచ్చు. రేపు వోబ్బె కార్డు పచ్చదీపం వెలిగిస్తుంది, అంతా మామూలే.

"పటం ఇక్కడే ఉంచండి," అంది. "అట్ట తేకుండా దాన్ని ముట్టుకోవద్దు."

వోబ్బె రేవు మీద తిరగేసిన చెక్కపెట్టె మీద కూర్చుని నల్లరొట్టె తింటున్నాడు. హిస్కె పక్కన నిలబడి, కాలువ వంక చూస్తూ మొత్తం చెప్పేసింది. పెట్టె గడియారం, తన టిక్కు, పన్నెండూ యాభై రెండు, సొరుగులో పటం. వోబ్బె నమలడం ఆపాడు.

"గడియారమా?" అన్నాడు.

"గంట వెనక ఉంది. మార్చి నుంచి."

"అంటే నీకు తెలీదా?"

"ఏమిటి తెలీదా?"

అతను రొట్టెని కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. "నేను మిగతా కట్టలు కూడా సర్ది, తలుపేసి మెట్ల దాకా వచ్చేసరికి ఆయన అతిథుల్ని వేసుకుని ఎదురొచ్చాడు. నా తర్వాత గదిలోకి వెళ్ళింది ఆయనే. శుక్రవారం నీ కాగితంలో చూశాను, నా గీత కింద ఆయన గీత ఉంది. అంకెలు నాకు తికమకే కానీ వరస తెలుసు. నువ్వూ చూశావు. చూసి కాగితం మడిచేశావు."

హిస్కె ఇంకో చెక్కపెట్టె లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"సరే, అనుకున్నాను. పైవాడు తీశాడు, హిస్కెకి తెలుసు, కింది వాడి మీదికి తోస్తోంది. నా టైము కూడా నువ్వే మార్చావనుకున్నాను. యంత్రం నీ చేతిలోనే ఉంటుందిగా. నాలుగు రోజులుగా నిన్నే కనిపెట్టి చూస్తున్నాను. కార్మిక సంఘానికి ఫోన్ చేశాను, నీ మీద. గట్టున నువ్వొస్తే మాట ఆపింది అందుకే."

"నన్ను అడగొచ్చుగా, వోబ్బె."

"అడుగుదామనే వచ్చాను. నువ్వు 'మీరు' అన్నావు." అతను మోకాళ్ళ మీది రొట్టె పొడి దులుపుకున్నాడు. "నువ్వూ అడగలేదు. నేనెక్కడున్నానని అడిగారు అందరూ. నేనేం చూశానని ఒక్కళ్ళూ అడగలేదు."

నీళ్ళలోంచి ఒక బాతు పిల్లల్ని వెంటేసుకుని రేవు కిందికి పోయింది. ఇద్దరూ అది కనిపించకుండా పోయేదాకా చూశారు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు వోబ్బె.

"రేపు కాఫీ దగ్గర చెబుతాను. అందరి ముందూ."

"నీదీ?"

"నాదే ముందు."

అతను తలూపాడు. మెచ్చుకోలేదు, వద్దనీ అనలేదు.

గురువారం పది గంటలకి పొడుగు బల్ల చుట్టూ పదకొండు మంది ఉన్నారు. డైరెక్టరు కూడా వచ్చాడు. ఆమె నోరు విప్పదని నమ్మి వచ్చాడో, విప్పితే ఎదురుగా ఉండాలని వచ్చాడో చెప్పడం కష్టం. వోబ్బె మాత్రం లోపలికి రాకుండా గుమ్మం దగ్గర కప్పు పట్టుకుని నిలబడ్డాడు. హిస్కె లేచి నిలబడింది. కాగితం మీద రాసుకొచ్చింది కానీ చూడకుండానే చెప్పింది. మార్చిలో దిగకుండా సంతకం చేశానంది. వోబ్బె మొదటి నుంచీ నిజమే చెప్పాడంది. పటం పై అంతస్తులో డైరెక్టరు బీరువాలో ఉందంది. సైకిళ్ళ షెడ్డులో చేసిన పనికి వోబ్బెనీ ఫ్రౌక్యెనీ క్షమించమంది. ఇదంతా రాసి పాలక మండలికి పొద్దున్నే పంపేశానంది.

డైరెక్టరు లేచాడు. "అవును," అన్నాడు, "ఆమె చెప్పింది నిజం," అని కుర్చీని బల్ల కిందికి నెట్టి వెళ్ళిపోయాడు. పై అంతస్తు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఫ్రౌక్యె, మొహం ఇంకా ముడుచుకునే ఉంది కానీ, బిస్కెట్ల డబ్బా హిస్కె వైపు జరిపింది.

వోబ్బె కప్పు కడిగి బోర్లించి, "పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"కిందికి. ఆ పెట్టె ఇంకా పాత గంటలోనే ఉందిగా."

మూడో గది ముందు అతను స్టూలు వేసి రెండు చేతులా పట్టుకున్నాడు. హిస్కె ఎక్కి, మరలు విప్పి, పెట్టె మూత తీసింది. ముందు ఆపేసిన అతని కార్డును మళ్ళీ తెరిచింది. పచ్చదీపం ఒకసారి మిణికింది. తర్వాత గడియారం దగ్గరికి వచ్చింది. అంకెలు మిణుకుతూ కొత్త సమయం కోసం ఆగాయి.

ఆమె చేతికి గడియారం ఉంది. చొక్కా చేతి మడత కొంచెం వెనక్కి లాగితే చాలు.

"టైమెంతయింది, వోబ్బె?" అంది.

కింద అతను స్టూలు మీంచి ఒక చెయ్యి తీసి, మణికట్టు దీపం వైపు తిప్పి చూసుకున్నాడు.

"పదకొండుకి పద్నాలుగు నిమిషాలుంది," అన్నాడు. "కొట్టు."

హిస్కె అలాగే కొట్టింది.